సాస్ నీళ్లు వదలకుండా, పడుగు తెగకుండా: మాడిఫైడ్ స్టార్చ్ ఎట్ల ఎంచుకోవాల

పత్తికొండలో టమోటా రేటు పడిపోయినప్పుడల్లా సాస్ యూనిట్ పెడదామనుకునేవాళ్లు ఎక్కువైతారు, వాళ్లలో చానామంది షాపుకు పోయి "మాడిఫైడ్ స్టార్చ్ ఒక బస్తా ఇయ్యన్నా" అని తెచ్చేసుకుంటారు. స్టార్చ్ అంటే మొక్కజొన్న, కర్రపెండలం లాంటివాటి నుంచి తీసిన గంజిపిండి, దాన్ని పనికి తగినట్టు మార్చిందే మాడిఫైడ్ స్టార్చ్. అట్ల అడగొద్దండి. అది ఒక్క వస్తువు కాదు, చానా రకాలున్నాయి, ఒకటి చల్లనీళ్లలోనే చిక్కబడతాది, ఒకటి ఉడికించినా పల్చగానే ఉంటాది, ఇంకోటి పేపర్ మిల్లుకు తప్ప మనకు పనికిరాదు. మీ సరుకు ఎంత వేడి తట్టుకోవాల, ఎంత పులుపు తట్టుకోవాల, మిక్సర్ ఎంతసేపు తిరుగుతాది, ఫ్రిజ్‌లోకి పోతాదా లేదా, ఈ నాలుగూ చెప్పి అడగండి.

మామూలు మొక్కజొన్న స్టార్చ్‌తో ఇబ్బంది ఏందంటే, అందులో సుమారు నాలుగోవంతు అమైలోజ్, మిగతాది అమైలోపెక్టిన్, రెండూ చక్కెర అణువుల గొలుసులే, మొదటిది పొడుగ్గా ఉంటాది, రెండోది కొమ్మలు కొమ్మలుగా ఉంటాది. నీళ్లలో కలిపి కాస్తే 62 నుంచి 72 డిగ్రీల మధ్య రేణువులు నీళ్లు తాగి ఉబ్బుతాయి, చిక్కదనం అప్పుడొస్తాది. ఇంకా మరగబెట్టి తిప్పుతా పోతే ఆ ఉబ్బిన రేణువులు పగిలి మళ్లీ పల్చనైపోతాది. చల్లారినాక అమైలోజ్ గొలుసులు ఒకదగ్గర చేరి గడ్డకట్టి నీళ్లను బయటికి తోస్తాయి, బాటిల్లో పైన తేరే నీళ్లు అవే. పీహెచ్ (పులుపు కొలత, తగ్గేకొద్దీ పులుపెక్కువ) 4 కన్నా తక్కువుంటే వేడికి ఆ గొలుసులే తెగుతాయి. కర్రపెండలం స్టార్చ్‌లో అమైలోజ్ 17 శాతం దగ్గర, కాబట్టి గట్టిగా గడ్డకట్టదు, బాగా తేటగా ఉంటాది, కానీ తీగలు సాగుతాది.

మాడిఫై చెయ్యడమంటే ఈ బలహీనతల్లో ఒక్కోదానికి ఒక్కో మందు. క్రాస్ లింకింగ్ అంటే గొలుసుల మధ్య ఫాస్ఫేట్‌తోనో అడిపేట్‌తోనో కుట్లు వేసినట్టు, రేణువు ఉబ్బుతాది గానీ తొందరగా పగలదు, పులుపునూ మిక్సర్‌నూ తట్టుకుంటాది. అసిటైల్ గానీ హైడ్రాక్సీప్రొపైల్ గానీ అనే చిన్న రసాయన ముక్కలు గొలుసులకు తగిలిస్తే గొలుసులు మళ్లీ దగ్గరికి చేరవు, నీళ్లు వదలదు. ఈ రెండూ కలిసి ఉన్నవే సాస్‌లకు, గ్రేవీలకు ఎక్కువ వాడే 1422, 1442. లేబుల్ మీద ఐఎన్ఎస్ (తినేవాటిలో కలిపే పదార్థాలకు ఇచ్చే అంతర్జాతీయ నంబర్) అని ఇది ఉంటాది, నంబర్ చెప్పలేని సప్లయర్ దగ్గర ఫుడ్‌కు కొనకండి.

శాంపుల్ తెచ్చుకున్నాక ఈ పరీక్షలు మీరే చేసుకోవచ్చు, లాబ్ అక్కర్లేదు. ఒక చెంచా పొడి చల్లనీళ్లలో వేసి కలపండి, అడుక్కు దిగితే ఉడికించాల్సిన రకం, అక్కడికక్కడే చిక్కబడితే ముందే ఉడికించి ఆరబెట్టిన ప్రీజెల్ రకం. తర్వాత 5 గ్రాములు 95 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి ఉడకబెట్టి పదిహేను నిమిషాలు తిప్పతా ఉండండి, ఆవిరైన నీళ్లు మళ్లీ పోసి చూడండి, పల్చనైతే వేడికి, తిప్పుడుకు నిలబడని సరుకు. ఇంకో గిన్నెలో ఇదే పని కొంచెం వెనిగర్ పోసి చెయ్యండి, రెండు గిన్నెల్లో తేడా కొట్టొచ్చినట్టు కనపడితే పులుపు సాస్‌కు వద్దు. మిగిలింది డీప్ ఫ్రీజర్లో రాత్రంతా పెట్టి పొద్దున కరగనియ్యండి, ఇట్లా రెండు మూడుసార్లు చేసినా నీళ్లు విడిపోకపోతే మంచిది. నన్నడిగితే ఈ ఫ్రీజర్ పరీక్ష ఒక్కటి చేసినా సగం నష్టాలు తప్పుతాయి.

ఇంక చిల్లీ సాస్ లాంటివాటికి వాడే పద్ధతి. నూటికి 2 నుంచి 4 పాళ్లతో మొదలుపెట్టండి. పొడిని వేడి గుజ్జులో నేరుగా వెయ్యొద్దు, ఉండలు కడతాది, లోపలి పిండి ఎంత ఉడికించినా తడవదు. చల్లనీళ్లలో పల్చగా కలుపుకొని సన్నగా పోస్తా తిప్పండి, ప్రీజెల్ రకమైతే అట్ల గూడా కాదు, నాలుగైదింతల చక్కెరలో పొడిగా కలిపి చల్లండి. చక్కెర ఎక్కువ పడే సరుకైతే మొత్తం చక్కెర ముందే పోస్తే అది నీళ్లు లాక్కొని స్టార్చ్‌ను ఉబ్బనియ్యదు, ముందు స్టార్చ్ ఉడికించి తర్వాత మిగతా చక్కెర పొయ్యండి. ఉడికినాక మళ్లీ గట్టి గ్రైండర్‌కు వెయ్యొద్దు. ఇంకోటి, రుచి చూసిన గరిటె మళ్లీ గిన్నెలో పెట్టొద్దు, శుభ్రత సంగతి పక్కనపెట్టినా ఉమ్ములో ఉండే అమైలేజ్ ఎంజైమ్ స్టార్చ్‌ను కోసేస్తాది. ఏ సరుకులో ఎంత వేయొచ్చో ఎఫ్ఎస్ఎస్ఏఐ (దేశంలో ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) రూల్స్ చూసుకోండి, టమోటా కెచప్‌కు వేరే స్టాండర్డ్ ఉంది.

నూలు పని వేరే లోకం. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప గారు 1938లో చేనేత సొసైటీ పెట్టిన కాలం నుంచీ ఆ ఊరి పేరు చెప్తే నేత గుర్తొస్తాది, పడుగుకు (మగ్గం మీద నిలువుగా కట్టే పోగులకు) గంజి ఎందుకు పెడతారో అక్కడ ఎవురికీ చెప్పనక్కర్లేదు. ఇక్కడ కావాల్సింది చిక్కదనం కాదు, గంజి పోగులోకి దిగాల, పైన వంగే పొర కట్టాల. మామూలు స్టార్చ్ చిక్కగా ఉండి పైపైనే నిలబడి, మన ఎండాకాలం పొడి గాలికి పెళుసై మగ్గం అచ్చులో (పోగులు దూరే దువ్వెనలాంటి భాగంలో) రాసుకున్నప్పుడు పొట్టు రాలిపోతాది. అందుకే యాసిడ్‌తో పల్చన చేసిందో, హైపోక్లోరైట్‌తో ఆక్సిడైజ్ చేసిందో తీసుకోండి, ఎక్కువ పాళ్లు కలిపినా పల్చగా ఉండి లోపలికి ఎక్కుతాది. కొంచెం నూనె కలిపితే పొర మెత్తగా ఉంటాది. నేత అయినాక అమైలేజ్ ఎంజైమ్‌తో కడిగితే పోతాది.

అట్టపెట్టెలు చేసేవాళ్లకు ఇంకో రకం. అనంతపురం దానిమ్మ, చీనీ, అరటి అన్నీ దూరం పోయేవే, 2020 జనవరిలో తాడిపత్రి నుంచి అరటి కోసం రైలే పోయింది ముంబై పోర్టుకు, చల్లని కంటైనర్లతో. చల్లదనంలో తేమ పట్టి పెట్టె అతుకు విడిపోతే లోపల కాయ నలిగిపోతాది, రైతుకు నష్టం. చిన్న యూనిట్లకు చల్లనీళ్లలో కలిసే ప్రీజెల్ గమ్ పౌడర్ సులువు. పెద్ద మిషన్లలో కొంత స్టార్చ్‌ను కాస్టిక్ సోడాతో ఉడికించి, మిగతాది పచ్చిగానే బోరాక్స్‌తో కలిపి పూస్తారు, ఆ పచ్చిది వేడి ప్లేట్ మీద ఉడికి పట్టుకుంటాది. కోల్డ్ స్టోరేజీకి పోయే పెట్టెలైతే తేమను తట్టుకునే రెజిన్ కలిపిన గమ్ అని ప్రత్యేకంగా చెప్పండి.

మిగతావి క్లుప్తంగా: పేపర్ మిల్లులకు పాజిటివ్ చార్జ్ ఉండే కేషనిక్ స్టార్చ్, ఎందుకంటే గుజ్జు పోగులకు నెగటివ్ చార్జ్. మాత్రలు కడుపులో తొందరగా విచ్చుకోను సోడియం స్టార్చ్ గ్లైకోలేట్. కూల్‌డ్రింకుల్లో నూనె ఫ్లేవర్ విడిపోకుండా ఐఎన్ఎస్ 1450 రకం.

టెక్స్‌టైల్‌కో గమ్‌కో తెచ్చిన బస్తా చవగ్గా ఉందని తినేవాటిలో కలపొద్దు, దయచేసి. అందులో బోరాక్స్, బూజు మందులు ఉండొచ్చు, చూపుకు, వాసనకు తేడా తెలీదు. ఫుడ్ గ్రేడ్ బస్తా మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్ నంబర్ చూడండి, ప్రతి బ్యాచ్‌కూ టెస్ట్ రిపోర్ట్ అడిగి తేమ, పీహెచ్, విస్కాసిటీ (చిక్కదనం) పోయినసారి సరుకుతో పోల్చండి. బస్తా నేల మీద కాకుండా చెక్కల మీద పెట్టి మూతి గట్టిగా కట్టండి, మసాలాలకు దూరంగా, పక్కన ఏముంటే ఆ వాసన పట్టేస్తాది.