మెషిన్ ఎంబ్రాయిడరీ – 4వ పాఠం: మేళా సరుకుకు పూల డిజైన్ ఎంచుకోవడం

గత పాఠంలో హూప్‌లో (బట్టను పట్టి ఉంచే చట్రంలో) బట్ట బిగించడం, వెనక స్టెబిలైజర్ (కుట్టేటప్పుడు బట్ట ముడతపడకుండా ఆపే పొర) వేయడం చూశాం. ఇప్పుడు డిజైన్ సంగతి. కొనబోయేవాళ్లంతా ముందు పువ్వును చూస్తారు. మీరు దాని కింద రాసి ఉండే అంకెలు చూడండి: కొలత, మొత్తం కుట్లు, రంగుల మార్పులు. పువ్వు ఎక్కడికీ పోదు.

ఒక జిప్ పౌచ్ తీసుకుందాం. 12,000 కుట్లు, 8 రంగులు ఉన్న గులాబీ గుత్తి వేస్తే, నిమిషానికి 600 కుట్ల వేగంతో కుట్టడానికే 20 నిమిషాలు. ఒకే సూది ఉన్న మెషిన్‌లో దారం 7 సార్లు మార్చాలి. మార్పుకు నిమిషంన్నర చొప్పున ఇంకో పదిన్నర. అదే పౌచ్ మీద 4,500 కుట్లు, 3 రంగుల చామంతి అయితే కుట్టడం ఏడున్నర నిమిషాలు, మార్పులు మూడు నిమిషాలు. పౌచ్‌కు 20 నిమిషాల తేడా. ఇరవై పౌచ్‌లు చేసేసరికి అది 6 గంటల 40 నిమిషాలు అవుతుంది. గుత్తి ఉన్న పౌచ్‌కు ఆ కూలీ గిట్టేంత ధర వస్తుందా అన్నది ముందే తేల్చుకోండి.

ఇక్కడో మెలిక ఉంది. రంగులు 4 అని రాసి ఉంటుంది, తీరా కుట్టేటప్పుడు మార్పులు 11 వస్తాయి. ప్రతి పువ్వు దగ్గరా అదే ఆకుపచ్చ మళ్లీ అడగడమే కారణం. రంగుల వరుస చూపించే పట్టిక తెరిచి లెక్కపెట్టండి. చిన్న చిన్న పూలు విడివిడిగా చల్లినట్టున్న డిజైన్లతో ఇంకో తంటా ఉంది. పువ్వుకూ పువ్వుకూ మధ్య దారం తెంచాలి. మెషిన్‌కు దారం కత్తిరించే ఏర్పాటు లేకపోతే ఆ పని మీ కత్తెరదే.

ఇక సాంద్రత, అంటే కుట్లు ఎంత ఒత్తుగా పడతాయన్నది. మామూలుగా వాడే 40 నంబర్ దారంతో నింపుడు కుట్టు వరుసల మధ్య దూరం సుమారు 0.4 మి.మీ. ఉంటుంది. కుట్టు పొడవు 4 మి.మీ. అనుకుంటే చదరపు సెంటీమీటరుకు 25 వరుసలు, వరుసకు రెండున్నర కుట్లు, అంటే 62 చిల్లర. కింద వేసే పునాది కుట్లు కలిపితే ఇంకొంచెం. నిండుగా కుట్టిన భాగం 40 చ.సెం.మీ. ఉంటే, 3,000 కుట్ల చుట్టుపక్కల రావాలి. 8,000 కనిపిస్తే పొర మీద పొర పడుతోందని అనుమానించండి. అంచు నుంచి అంచుకు అటూ ఇటూ ఒత్తుగా పడే సన్నటి సాటిన్ కుట్టుకు ఈ లెక్క పనికిరాదు, అక్కడ కుట్లు సహజంగానే ఎక్కువ.

ఆ పొరలు ఎక్కడ పడతాయో తెలియాలంటే పువ్వు నడుమకు వెళ్లండి. సాఫ్ట్‌వేర్‌లో డిజైన్ పెద్దది చేసి, కుట్టే క్రమాన్ని నెమ్మదిగా నడిపించండి. అయిదు రేకులూ మధ్య బిందువు దాకా వచ్చి, వాటి మీద పుప్పొడి గుండ్రం పడితే, ఆ కాస్త చోట ఆరు పొరలు. సూది విరిగేదీ, దారం తెగేదీ అక్కడే. మంచి డిజైన్‌లో రేకులు నడుమకు కొంచెం ముందే ఆగిపోతాయి, పుప్పొడి వాటి అంచులను మాత్రమే కప్పుతుంది. రేకుల కుట్ల దిశ కూడా చూడండి. రేకు రేకుకూ దిశ మారితే వెలుగు వేరువేరుగా పడి, ఒక్క రంగులోనే రెండు మూడు ఛాయలు కనిపిస్తాయి. అన్నీ ఒకే దిశలో ఉంటే పువ్వు అట్టముక్కలా ఉంటుంది. తక్కువ రంగులతో పువ్వుకు కళ తెచ్చే కిటుకు ఇదే.

చుట్టూ నల్లని గీత ఉన్న పూలను మొదట్లో వదిలేయండి. గీత చివర్లో పడుతుంది. ఈలోపు బట్ట ఒక మిల్లీమీటరు లాగుకున్నా రేకుకూ గీతకూ మధ్య సందు తెలిసిపోతుంది. చేత్తో గీసినట్టు వదులుగా ఉండే గీత అయితే ఆ తప్పు కనిపించదు.

కొలత మార్చడం గురించి గట్టిగా చెప్పాలి. కుట్ల ఫైల్‌ను మెషిన్ మీద కుదిస్తే చాలాసార్లు కుట్ల సంఖ్య తగ్గదు. 100 మి.మీ. పువ్వును 70కి తెస్తే 0.4 మి.మీ. దూరం 0.28 అవుతుంది, దారం మాత్రం సన్నబడదు. బట్ట బిరుసెక్కుతుంది, సూది పలక కింద దారం ఉండ కడుతుంది. 10 శాతానికి మించి మార్చకండి. రెండు మూడు కొలతల్లో ఇచ్చే డిజైన్ కొనడం మేలు. పౌచ్, సంచి, బుక్‌మార్క్ మీద ఒకే పువ్వు వేర్వేరు కొలతల్లో ఉంటే బల్ల మీద సరుకంతా ఒక జట్టుగా కనిపిస్తుంది కూడా.

వస్తువును బట్టి కొన్ని నియమాలు మారతాయి. పల్చని నూలు బట్ట నిండు పూలను మోయలేదు, చుట్టూ ముడతలు పడతాయి. దానికి గీతల పూలే సరి. చేతిరుమాలుకు రెండు వైపులా కనిపిస్తుంది కాబట్టి బాబిన్‌లోనూ (కింది దారం చుట్టే చిన్న ఉండలోనూ) పైదారం రంగే వేసి, నీటిలో కరిగే స్టెబిలైజర్ వాడండి. తువ్వాలు నూగులో సన్నని కాడలు మునిగిపోతాయి. వెడల్పు రేకులు ఎంచుకుని, పైన కూడా నీటిలో కరిగే పొర పరచండి. సాగే బట్టకు, మిగిలిన అంచును కత్తెరతో కత్తిరించే రకం స్టెబిలైజర్ తప్పనిసరి, చేత్తో చింపే రకం చాలదు. పౌచ్ అయితే కుట్టు అంచు నుంచి కనీసం 2 సెం.మీ. ఖాళీ ఉంచండి, లేకపోతే తిప్పినప్పుడు సగం ఆకు అతుకులోకి పోతుంది.

లైసెన్స్ చదవకుండా డబ్బు కట్టవద్దు. కుట్టిన వస్తువులు అమ్ముకోవచ్చా, ఎన్ని అమ్మవచ్చు అన్నది డిజైన్‌కో తీరుగా ఉంటుంది. ఉచితంగా దొరికినంత మాత్రాన అమ్మకానికి అనుమతి ఉన్నట్టు కాదు.

వచ్చే పాఠం లోపు చేయాల్సిన పని: మూడు డిజైన్లను అసలు కొలతలో కాగితం మీద ముద్రించి గోడకు అంటించండి. రెండు మీటర్లు వెనక్కి వచ్చి చూడండి. మేళాలో నడిచిపోయేవారికి మీ బల్ల దాదాపు ఆ దూరం నుంచే కనిపిస్తుంది. అక్కడి నుంచి పువ్వని తెలియనిదాన్ని తీసేయండి. మిగిలినదాన్ని మీరు అమ్మబోయే బట్ట మీదే, అదే స్టెబిలైజర్‌తో ఒకటి కుట్టి, ఒకసారి ఉతికి, ఇస్త్రీ చేయకుండా ఆరబెట్టి ఉంచండి. ముడతలు ఎక్కడ పడ్డాయో చూసి వాటిని సరిచేయడం 5వ పాఠంలో.