చర్చి సంగీత సంఘానికి మనుషుల్ని ఎలా కూడగట్టాలి?

డిసెంబరు వచ్చేసరికి టెక్కలి నుంచి బొబ్బిలి దాకా చర్చి చర్చికీ ఒక క్వయర్, అంటే పాటల బృందం, పుడుతుంది, సంక్రాంతికల్లా మాయమైపోతుంది. ఎందుకని అడిగితే పాడేవాళ్లు లేరంటారు. పాడేవాళ్లకేం, కావలసినంత మంది. దొరకనిది మందిరం తాళం తీసేవాడు, మైకులు సర్దేవాడు, రానివాళ్లకి ఫోన్ చేసేవాడు, ఖర్చు రాసేవాడు. చుట్టుపక్కల నాలుగైదు చర్చిలు కలిసి ఒక సంగీత సంఘం పెట్టుకుని, అది రెండో క్రిస్మస్ కూడా చూడాలంటే ఏం చేయాలో వరసగా చెబుతాను.

సామాను

కీబోర్డు, అడాప్టరు, స్టాండు, ఒక డోలక్, రెండు మైకులు, ఒక స్పీకరు. తబలా వాయించేవాడుంటే తబలా కూడా. రిథమ్ ప్యాడ్ (కరెంటు మీద తాళం వాయించే పరికరం) మొదటి ఏడాది కొనొద్దు. పాత హార్మోనియం ఉంటే, ఎవరెంత చెప్పినా అమ్మొద్దు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు, అలాంటప్పుడు మోగేది ఆ పెట్టె ఒక్కటే. పాటలు మాత్రం కాగితం మీదే ఉండాలి. ఫోన్ చూసి పాడేవాడు తలెత్తడు, తలెత్తనివాడికి లీడర్ చెయ్యి కనపడదు.

అనుమతులు

పాస్టర్లని విడివిడిగా, ఎవరి మందిరంలో వాళ్లని కలవండి. బాప్టిస్టు, లూథరన్, ఆర్సీఎం (రోమన్ కేథలిక్), పెంతెకొస్తు అందరినీ ఒకేచోట కూర్చోబెట్టి ఒప్పించాలని చూస్తే, ప్రారంభ ప్రార్థన ఎవరు చేయాలన్న దగ్గరే సగం పొద్దు పోతుంది. రిజిస్ట్రేషన్‌కి తొందర లేదు. కావాలనుకున్నప్పుడు ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 కింద చేయించుకోవచ్చు, కనీసం ఏడుగురు సభ్యులుండాలి. పేరూ లోగో బ్యానరూ ముందు తయారుచేసి మనుషుల్ని తర్వాత వెతికే సంఘాలున్నాయి. బ్యానర్ మిగులుతుంది.

మనుషుల్ని అడగడం

అందరూ చెడగొట్టేది ఇక్కడే, కాబట్టి నెమ్మదిగా చదవండి.

ఆదివారం ఆరాధన అయ్యాక ప్రకటనల్లో "సంగీత పరిచర్యలో ఆసక్తి ఉన్నవారు పేర్లు ఇవ్వగలరు" అని చదివించకండి. చదివిస్తే పేర్లిచ్చేది ఎవరు? అప్పటికే సండే స్కూలూ, యూత్ మీటింగూ, కానుకల లెక్కా మోస్తున్న మనిషి ఒకరు. మైకు ఎప్పుడు దొరుకుతుందా అని చూసేవాడు ఒకడు. వెనక బెంచీలోంచి వాళ్లమ్మ తోసిన కుర్రాడు ఒకడు. వీళ్లలో ఎవరినీ వద్దనలేరు, ఎవరితోనూ పని జరగదు. పైగా మీకు నిజంగా కావలసిన మనిషి, గోడవార కూర్చుని ఏ గొడవలోకీ రాని ఆ మనిషి, ఆ ప్రకటన తన కోసమని అనుకోడు.

ఆ మనిషి ఇంటికి వెళ్లండి. ఫోన్ కాదు, వాట్సాప్ అసలే కాదు. సాయంత్రం పనులయ్యాక, భోజనాల వేళ కాకుండా చూసుకుని వెళ్లండి. వెళ్లి ఒక్క పని అడగండి, దానికి గడువు చెప్పండి. ఈ రెండింట్లో ఏది తప్పినా పని కాదు. "అన్నా, క్వయర్‌కి కాస్త సాయం చెయ్యాలి" అన్నారనుకోండి, "చూద్దాంలే తమ్ముడూ" అంటాడు. మన వైపు చూద్దాంలే అంటే రానని అర్థం, మర్యాదకి అంటాడంతే. అదే "అన్నా, అక్టోబరు మొదటి శనివారం నుంచి క్రిస్మస్ దాకా శనివారం సాయంత్రం ఆరింటికి మందిరం తాళం నువ్వు తియ్యాలి, ఎనిమిదిన్నరకి నువ్వే వెయ్యాలి, ఇంకేమీ అడగను" అనండి. ఒక్క క్షణం మీ వంక చూసి "ఏటి, పాడక్కర్లేదా?" అంటాడు. అక్కర్లేదనండి. ఇన్నాళ్లూ ఆయన దూరంగా ఉన్నది పాడమంటారన్న భయంతోనేమో, ఎవరికి తెలుసు.

అక్కడికక్కడ మాట తీసుకోవద్దు. వచ్చే ఆదివారం చెప్పమని లేచి వచ్చేయండి. మొహమాటపెట్టి ఒప్పించిన మనిషి రెండు వారాలు వస్తాడు, మూడో వారం వాళ్ల మావయ్యకి ఒంట్లో బాగోదు. ఇంట్లో అడిగి చెబుతానన్నాడంటే మంచి గుర్తు, వాళ్లావిడకి తెలిసిన పని ఆగదు. పని కూడా మనిషిని చూసి ఇవ్వండి. డ్వాక్రా సంఘంలో పుస్తకాలు రాసిన అక్క ఎవరైనా ఉంటే కోశాధికారి పదవి ఆమెదే, రెండో మాట లేదు. ఆటో ఉన్నవాడికి సామాను మోసే పని ఇవ్వండి, కానీ డీజిల్ డబ్బులు సంఘం ఇవ్వాలి, సేవ అని చెప్పి ఎగ్గొట్టకూడదు. బాగా పాడేవాళ్లని లీడర్ చేయకండి, వాళ్లు తమ గొంతే వింటారు. కీబోర్డు వాయించేవాడిని కార్యదర్శి అసలు చేయకండి. డిసెంబరులో అతన్ని ప్రతి ఊరూ పిలుస్తుంది, వెళ్లక తప్పదు, అప్పుడు వాయిద్యమూ పోతుంది, లెటర్‌ప్యాడూ పోతుంది.

ప్రతి పనికీ ఇద్దరుండాలి. ఒకరున్నారంటే ఆ పనికి ఎవరూ లేనట్టే లెక్క. మన దగ్గర నవంబరు, డిసెంబరుల్లో వరి కోతలు, సరిగ్గా క్రిస్మస్ ప్రాక్టీసుల వేళకి. ఉద్దానంలో జీడి పంట మార్చి నుంచి, అంటే ఈస్టర్ ముందు. కుర్రాళ్లు విశాఖో చెన్నైయో పనికి పోతే పండక్కే మళ్లీ కనపడేది. అందుకే పొలం ఉన్నవాళ్లకి ఉద్యోగం ఉన్నవాళ్లని జత కట్టాలి. ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకూడదు. మొగుడూ పెళ్లాలకి కలిపి ఇస్తే ఒక్క పెళ్లి పిలుపుతో ఇద్దరూ ఊరు దాటేస్తారు. జత మనిషిని అసిస్టెంట్ అనొద్దు, ఎవరికీ నచ్చదు. ఒక వారం ఒకరు, మరో వారం మరొకరు అని పేర్లు రాసి మందిరం తలుపు లోపలివైపు అంటించండి. బయట అంటిస్తే వాన నాశనం చేస్తుంది, దారినపోయేవాళ్లు మిగిలింది చేస్తారు.

గడువు తీరిన రోజున వదిలేయండి. అందరి ముందూ పేరు చదివి, చేసిన పని చెప్పి, ఇక మీ పని అయిపోయిందనండి. చాలామంది పెద్దలు ఇది ఒప్పుకోరు, దొరికిన మనిషిని వదులుకుంటామా అంటారు. పశువుని కట్టేసినట్టు కట్టేస్తే మాత్రం ఉంటాడా? వదిలేస్తుందని తెలిసిన సంఘానికే మనిషి మళ్లీ వస్తాడు, కొనసాగాలనుకుంటే తనే నోరు తెరిచి చెబుతాడు. గడువు లేని పని ఒప్పుకున్నవాడు మాత్రం చెప్పాపెట్టకుండా మానేసి, ఆ మొహమాటంతో ఆరాధనకి కూడా వెనకబడతాడు. ఆ నష్టం ముందు క్వయర్ నష్టం ఎంత.

ఈమధ్య కొత్తగా వాట్సాప్‌లో ఓటింగ్ పెట్టి కార్యవర్గాన్ని ఎన్నుకుంటున్నారు. ఏ చర్చిలో సెల్‌ఫోన్లు ఎక్కువుంటే ఆ చర్చివాళ్లే గెలుస్తారు, మిగతా చర్చిలు మరుసటి శనివారం రావు. చర్చికి ఒకరు చొప్పున తీసుకోండి, అధ్యక్ష పదవి ఏడాదికొక చర్చికి మార్చండి.

పాటలు, ప్రాక్టీసు

ప్రాక్టీసు శనివారం సాయంత్రమే. ఆదివారం ఆరాధన తర్వాత పెడితే అందరికీ ఆకలి, గొంతులో కాదు కడుపులో శ్రుతి వినిపిస్తుంది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాటకి పైన రాగం, తాళం అచ్చేసి ఉంటాయి, శ్రుతి మీరే తేల్చుకోవాలి. తేల్చినది నోటుపుస్తకంలో రాయండి: పాట నంబరు, శ్రుతి, ఎవరు ఎత్తుకోవాలి. ఆ పుస్తకం ఇద్దరి దగ్గర ఉండాలి. కీబోర్డు మీద ట్రాన్స్‌పోజ్ (శ్రుతి మార్చే బటన్) ఎంతకి పెట్టారో కూడా అందులోనే రాయండి, లేకపోతే అప్పటిదాకా ఒకటిన్నర శ్రుతిలో పాడిన పాట పండగ రోజున ఇంకా పైన, మూడులో మొదలవుతుంది, చరణానికి వచ్చేసరికి మగవాళ్లు నోళ్లు మూసుకుంటారు.

మొదటి కార్యక్రమంలో పురుషోత్తమ చౌదరి (1803–1890) గారి కీర్తన ఒకటైనా పెట్టండి. పర్లాకిమిడి, శ్రీకాకుళం వైపు తిరిగిన మన మనిషి. ముసలమ్మలకి ఆ పాటలు పుస్తకం లేకుండా వచ్చు, వాళ్లు గొంతు కలిపితే మిగతా హాలంతా కలుపుతుంది. కొత్త పాటలు రెండు చాలు.

క్యారల్స్‌కి, అంటే క్రిస్మస్ పాటలు పాడుతూ, ఊరు తిరిగేటప్పుడు రాత్రి పదింటికి స్పీకరు ఆపేయండి. శబ్ద కాలుష్య నిబంధనలు 2000 ప్రకారం రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా లౌడ్‌స్పీకరు వాడకూడదు. పండగలకి ప్రభుత్వం ప్రత్యేకంగా సడలింపు ఇస్తేనే అర్ధరాత్రి దాకా వీలు, ఇచ్చిందో లేదో ముందే పోలీసు స్టేషన్‌లో కనుక్కోండి. పది దాటాక డోలక్, చప్పట్లు చాలు, నిజానికి అలాగే బాగుంటుంది.

డబ్బు, అప్పగింత

బ్యాంకు ఖాతాకి ఇద్దరి సంతకాలు ఉండాలి, ఇద్దరూ వేర్వేరు చర్చిలవాళ్లు. వచ్చిన కానుక, అయిన ఖర్చు నెలకోసారి కాగితం మీద రాసి ప్రతి మందిరానికీ పంపండి, ఎవరూ అడగకపోయినా పంపండి. జనవరిలో ఒక పూట కూర్చుని ఏ సామాను ఎవరింట్లో ఉందో చూసుకుని రాసుకోవాలి. పెళ్లికని అడిగి పట్టుకెళ్లినవాళ్ల దగ్గర ఏముందో ఆ రోజే తేలాలి.

కార్యదర్శి రెండేళ్లకి మించి ఉండకూడదు, ఎంత మంచివాడైనా సరే. దిగిపోయినవాడిని గౌరవాధ్యక్షుడనో సలహాదారుడనో కుర్చీ వేసి ముందు కూర్చోబెట్టకండి, కొత్తవాడు ప్రతిదానికీ ఆయన ముఖం చూస్తాడు. కింద గొంతుతో పాడే మగవాళ్ల వరసలో నిలబెట్టండి, అక్కడ ఎప్పుడూ ఇద్దరు తక్కువే ఉంటారు.