విత్తనం నుంచి టమాటా: నారూ మడీ ఒకే రోజు మొదలుపెట్టండి

టమాటా విత్తనాలు చేతికి రాగానే చాలామంది ఆ రోజే ట్రేలోనో డబ్బాలోనో వేసేస్తారు, నేల సంగతి తర్వాత చూద్దాంలే అనుకుంటారు. నారు మాత్రం ఎవరి కోసమూ ఆగదు కదా, వాతావరణాన్ని బట్టి 4 నుంచి 8 వారాల్లో నాటుకు వచ్చేస్తుంది. అప్పటికి పెరట్లో కలుపు కలుపులాగే ఉంటుంది, మట్టి గట్టిపడి ఉంటుంది. ఇక హడావిడిగా చిన్న గుంత తీసి గుచ్చేస్తే ఆ మొక్క వారాల తరబడి ఎదుగూ బొదుగూ లేకుండా నిలబడిపోతుంది. అందుకే నన్ను ఎవరడిగినా ముందు చెప్పేది ఇదే: విత్తనం వేసిన రోజే మడి పని కూడా మొదలుపెట్టండి. నారు ఎదగడానికి పట్టే ఆ వారాలు నేల బాగుపడటానికి చక్కగా సరిపోతాయి.

ఎప్పుడు వేయాలి, ఏ రకం వేయాలి

నాటే రోజు అనుకుని అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టుకోండి. వెచ్చటి చోట 25–30 రోజుల నారు చాలు, చల్లటి చోట 6–8 వారాలు పడుతుంది. మంచు గడ్డకట్టే ప్రాంతమైతే ఆ ముప్పు పూర్తిగా పోయి, రాత్రిళ్లు కూడా 10 డిగ్రీల పైనే ఉంటున్నాయని నమ్మకం కుదిరాకే మొక్క బయటికి వెళ్లాలి. ఎండలు మండే చోట ఇబ్బంది వేరు: పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా వేడి తగ్గకపోతే పూత వచ్చినట్టే వచ్చి రాలిపోతుంది, కాబట్టి నాటిన నెల నెలన్నరకు వచ్చే పూత ఆ రోజుల్లో పడకుండా చూసుకోవాలి.

రకాల విషయంలో ఒక్క తేడా తెలిస్తే చాలు. పొదలా కొంత ఎత్తుకు పెరిగి ఆగిపోయి, కాయలన్నీ దాదాపు ఒకే విడతలో ఇచ్చేవి కొన్ని. తీగలా పైకి సాగుతూనే ఉండి నెలల తరబడి కాసేవి కొన్ని. చోటు తక్కువైతే మొదటివి, ఊతం కట్టే ఓపిక ఉంటే రెండోవి. ప్యాకెట్ మీద ఎఫ్1 హైబ్రిడ్ (రెండు రకాల్ని కలిపి పుట్టించిన సంకరం) అని ఉంటే దాని కాయల్లోంచి తీసిన విత్తనం అదే రకాన్ని ఇవ్వదు, వచ్చే ఏడాదికి సొంత విత్తనం దాచుకోవాలనుకునేవాళ్లు మామూలు నాటు రకాలే తీసుకోండి.

విత్తనం వేయడం

పెరట్లోంచి మట్టి తవ్వి ట్రేలో నింపొద్దు. అది రెండు తడులకే పిడచ కట్టుకుపోతుంది, పైగా అందులో ఉండే శిలీంద్రాలు లేత మొలకల్ని మొదట్లోనే కొట్టేస్తాయి. కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి), జల్లెడ పట్టిన వర్మీకంపోస్ట్ చెరిసగం కలుపుకుంటే సరిపోతుంది. కోకోపీట్‌లో ఉప్పు ఉండే అవకాశం ఉంది కాబట్టి ఒకటి రెండుసార్లు నానబెట్టి నీళ్లు పారబోసి వాడండి. తడి ఎంత ఉండాలంటే, గుప్పెడు తీసి గట్టిగా నొక్కితే ముద్ద కావాలి, వేళ్ల సందుల్లోంచి నీళ్లు మాత్రం కారకూడదు.

అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరు లోతులో గడికి రెండేసి విత్తనాలు వేసి, పైన పొడి మిశ్రమం పల్చగా చల్లి, చిలకరించి వదిలేయండి. డబ్బాకైనా ట్రేకైనా అడుగున రంధ్రాలు ఉండి తీరాలి. టమాటా మొలవడానికి వెలుతురు అక్కర్లేదు, వెచ్చదనం కావాలి: మిశ్రమం 21 నుంచి 27 డిగ్రీల మధ్య ఉంటే 5 నుంచి 10 రోజుల్లో మొలుస్తుంది, 10 డిగ్రీల కంటే చల్లగా ఉంటే అసలు కదలదు. తడి ఆరిపోకుండా పైన ప్లాస్టిక్ కవర్ కప్పొచ్చు, కానీ మొదటి మొలక తల బయటపెట్టగానే దాన్ని తీసేయండి, మర్నాటికి వాయిదా వేయొద్దు.

మొలక వచ్చేటప్పుడు దగ్గరగా చూడండి. మెడ వంచుకుని మట్టిని నెట్టుకుంటూ పైకి వస్తుంది, ఆ తర్వాతే నిటారుగా లేచి రెండు సన్నటి ఆకులు విప్పుతుంది. ఒక్కోసారి విత్తనం పొట్టు ఊడకుండా ఆ ఆకుల కొసల్ని పట్టుకుని టోపీలా ఉండిపోతుంది. లాగేస్తే ఆకులూ ఊడిపోతాయి. వేలి కొసతో ఒక నీటి చుక్క దాని మీద పెట్టి, కాస్త నానాక మెల్లగా రాస్తే జారిపోతుంది.

వెలుతురు, నీళ్లు

నారు పాడైందంటే నూటికి తొంభై వంతులు ఈ రెండింటి దగ్గరే.

వెలుతురు చాలకపోతే కాడ దారంలా సాగి పడిపోతుంది. కిటికీ దగ్గర పెట్టినవి అటువైపే వంగుతాయి, రోజూ ట్రే తిప్పుతూ ఉండాలి. మామూలు ఎల్‌ఈడీ లైటు కింద పెంచితే ఆకులకు 5–10 సెంటీమీటర్ల ఎత్తులో ఉంచి, రోజుకు 14–16 గంటలు వెలిగించండి. రాత్రి ఆపేయాలి, ఎందుకంటే టమాటాకు చీకటి కూడా కావాలి, ఇరవై నాలుగు గంటలూ వెలుగే ఉంటే ఆకులు పాలిపోయి దెబ్బతింటాయి. ఎండ బాగా ఉండే చోటైతే ఈ గొడవే లేదు, నీరెండలో మొదలుపెట్టి నెమ్మదిగా ఎండకు తీసుకెళ్లండి. ఇంట్లో పెరిగే నారు మీద రోజూ ఒకసారి అరచేతిని తేలిగ్గా అటూ ఇటూ ఆడించండి. బయట గాలికి ఊగినట్టే ఆ కదలికకు కాడ పొట్టిగా, లావుగా తయారవుతుంది.

నీళ్లు మాత్రం ప్రేమ కొద్దీ పోయొద్దు! ఎప్పుడూ తడిగా ఉండే ట్రేలో నారుకుళ్లు తెగులు వస్తుంది: మట్టిని ఆనుకుని ఉన్న చోట కాడ నల్లబడి సన్నగిల్లి, నిన్న పచ్చగా ఉన్న మొక్క ఇవాళ పక్కకు ఒరిగిపోతుంది. ఒరిగినదాన్ని ఇక బతికించలేం, తీసి పారేసి మిగిలినవాటికి గాలి ఆడేలా చూడటమే. అది రాకుండా ఉండాలంటే పైన మిశ్రమం ఆరినట్టు కనిపించాకే నీళ్లివ్వాలి, అదీ ట్రేని నీళ్ల పళ్లెంలో పెట్టి కింది నుంచి పీల్చుకోనిచ్చి, పావుగంటకో అరగంటకో బయటికి తీసేయాలి.

మొదట వచ్చిన రెండు ఆకులు అసలైన టమాటా ఆకులు కావు, వాటి తర్వాత అంచులు చీలి, ముట్టుకుంటే టమాటా వాసన వచ్చే ఆకులు వస్తాయి. అవి రెండు కనిపించగానే గడిలో బలహీనమైనదాన్ని కత్తిరించేసి, ఉంచుకున్నదాన్ని పెద్ద కప్పులోకి మార్చండి. పట్టుకునేది ఆకును, కాడను కాదు. ఆకు పోతే ఇంకొకటి వస్తుంది, కాడ నలిగితే మొక్కే పోతుంది. మార్చేటప్పుడు మొదటి ఆకుల దాకా లోతుగా పాతేయొచ్చు, టమాటా కాడ మట్టిలో ఎక్కడ తడి తగిలితే అక్కడ వేర్లు వేస్తుంది. ముదిరిన మొక్క కాడ మీద కిందివైపు చిన్న చిన్న బొడిపెలు కనిపిస్తాయి చూడండి, అవి వేర్లు కావడానికి సిద్ధంగా ఉన్నవే.

ఈలోపు మడి

రోజుకు కనీసం 6, వీలైతే 8 గంటలు నేరుగా ఎండ పడే చోటు కావాలి. ఒక సెలవు రోజు చూసుకుని పొద్దున్న, మధ్యాహ్నం, సాయంత్రం పెరట్లోకి వెళ్లి నీడ ఎక్కడెక్కడ పడుతోందో చూడండి, అంచనా మీద వదిలేయొద్దు. పెద్ద చెట్ల దగ్గర వద్దు, నీడ సంగతి అటుంచి వాటి వేర్లు మీ ఎరువంతా లాగేస్తాయి.

తర్వాత నీరు ఇంకుతుందో లేదో చూడండి. 30 సెంటీమీటర్ల లోతు గుంత తీసి నిండా నీళ్లు పోసి ఇంకిపోనివ్వండి, మళ్లీ నింపి ఈసారి గమనించండి. గంటకు 2.5 నుంచి 7.5 సెంటీమీటర్లు దిగితే మంచి నేల. అంతకంటే బాగా నెమ్మదిగా దిగుతుంటే నేలను తవ్వి బాగుచేయడం కన్నా 20–30 సెంటీమీటర్ల ఎత్తున మడి కట్టుకోవడమే తేలిక. మడి వెడల్పు 1.2 మీటర్లు దాటనివ్వకండి, రెండు వైపుల నుంచీ చెయ్యి అందాలి. ఒకసారి గుల్ల చేసిన మట్టిని మళ్లీ కాళ్లతో తొక్కితే పడ్డ కష్టమంతా వృథా కదా.

పదును చూసి తవ్వండి. తడి మట్టిని తవ్వితే పెద్ద పెద్ద గడ్డలు కట్టి ఆరాక రాళ్లవుతాయి. గుప్పెడు మట్టి ముద్ద చేసి వేలితో పొడిస్తే పొడిపొడిగా విడిపోవాలి, అప్పుడే పార పట్టండి. 25–30 సెంటీమీటర్ల లోతున గుల్ల చేసి, రాళ్లు, గరిక వేర్లు ఏరేసి, పైన 5–8 సెంటీమీటర్ల మందాన బాగా చివికిన కంపోస్టు పరిచి పై మట్టిలో కలపండి. పచ్చి పేడ ఎరువు వేయొద్దు, వేర్లు మాడతాయి, తినేవాటికి రోగక్రిములు అంటుకునే ప్రమాదం కూడా ఉంది. నేల పీహెచ్ (ఆమ్లం, క్షారం ఎంతున్నాయో చెప్పే కొలత) 6 నుంచి 6.8 మధ్య ఉంటే టమాటాకు బాగుంటుంది. సున్నమైనా ఇంకేదైనా మట్టి పరీక్ష చేయించాకే వేయండి, ఊహించి వేసిన సున్నాన్ని తిరిగి తీయలేం.

ఇప్పుడు నేను అన్నిటికంటే ఎక్కువగా నమ్మే పని. మడి తయారవగానే మొక్కలేవీ పెట్టకుండా తడిపి వదిలేయండి. వారం పది రోజుల్లో పై పొరలో ఉన్న కలుపు గింజలు చాలావరకు మొలుస్తాయి. అవి రెండాకుల మీద ఉండగానే ఎండగా ఉన్న రోజు చూసి బొరిగెతో పైపైన గీకేయండి, లోతుగా తవ్వితే కింది గింజలు పైకొచ్చి మళ్లీ మొదలు. ఇలా రెండు విడతలు చేశారంటే కాపు కాలమంతా కలుపు తీసే శ్రమ బాగా తగ్గుతుంది. నారు ట్రేలో ఎదుగుతున్న ఆ వారాల్లోనే ఇది కుదురుతుంది, నాటాక కుదరదు.

మిగతా కూరగాయలు కూడా వేస్తారనుకుంటే ముందే చోట్లు గీసుకోండి. టమాటా, బీన్స్ లాంటి ఎత్తు మొక్కలు తమ నీడ పొట్టివాటి మీద పడని వైపు ఉండాలి. ముల్లంగి, క్యారెట్, బీన్స్ నేరుగా మడిలోనే విత్తుకోవాలి, నారు పోసి మార్చితే క్యారెట్ వేరు వంకర్లు పోతుంది. మిరప, వంగ మాత్రం టమాటా లాగే నారుతో.

నాటడం

ఇంట్లో పెరిగిన నారును నేరుగా ఎండలోకి తీసుకెళ్తే ఒక్క పూటలో ఆకులు తెల్లగా మాడిపోతాయి. మొదటి రోజు నీడలో గంట రెండు గంటలు, తర్వాత రోజుకు కాస్త ఎక్కువసేపు, కాస్త ఎక్కువ ఎండ, ఇలా 7–10 రోజులు అలవాటు చేయండి.

సాయంత్రమో, మబ్బుగా ఉన్న రోజో నాటండి. పొదలా పెరిగేవాటికి 45–60, తీగలా సాగేవాటికి 60–90 సెంటీమీటర్ల ఎడం ఉండాలి. చిన్న మొక్కలకు అంత చోటెందుకు అనిపిస్తుంది, కానీ గాలి ఆడని చోటే తెగుళ్లన్నీ. కింది ఆకులు తుంచేసి కాడలో సగానికి పైగా మట్టిలోకి పోయేలా పాతండి. నారు బాగా సాగిపోయి ఉంటే లోతు గుంత బదులు చిన్న కాలువ తీసి కాడను పడుకోబెట్టి, కొసను మాత్రం పైకి ఉంచి కప్పేయండి, ఒకటి రెండు రోజుల్లో అదే నిటారుగా లేస్తుంది. ఊతం కర్ర కూడా ఇప్పుడే పాతేయండి, తర్వాత పాతితే వేర్లు తెగుతాయి.

నాటాక

నేల వెచ్చబడ్డాక మొదళ్ల చుట్టూ ఎండుగడ్డి, ఎండుటాకులు 5–8 సెంటీమీటర్ల మందాన కప్పండి, కాడకు మాత్రం తగలకుండా. తడి నిలుస్తుంది, వాన చినుకులకు మట్టి చిట్లి ఆకుల మీద పడదు. ఆకుమాడు తెగులు చాలావరకు ఆ మట్టి చిట్లడం వల్లే కింది ఆకుల నుంచి మొదలై పైకి పాకుతుంది, అందుకే మొక్క ఎదిగాక అడుగున 30 సెంటీమీటర్ల వరకు ఆకులు తీసేస్తే మంచిది. నీళ్లు ఎప్పుడూ మొదట్లోనే, పొద్దున్నపూట. రోజూ పైపైన తడపడం కంటే వారానికి రెండు మూడుసార్లు లోతుగా తడిసేలా పెట్టండి. మండుటెండల్లో ఇంకోసారి పెంచాల్సి రావచ్చు, వేలు రెండు కణుపులు మట్టిలో గుచ్చి చూస్తే అదే చెబుతుంది.

కాయ అడుగున నల్లగా పల్లంపడి కుళ్లుతుంటే అది పురుగూ కాదు, తెగులూ కాదు. కాయకు కాల్షియం అందక వస్తుంది, చాలాసార్లు నేలలో కాల్షియం ఉన్నా సరే, ఒక రోజు ఎండగట్టి ఒక రోజు ముంచెత్తడం వల్ల అది కాయ దాకా చేరదు. మందుల కోసం పరుగెత్తకుండా ముందు తడి సమంగా ఉండేలా చూడండి.

తీగ రకాల్లో ఆకుకూ కాండానికీ మధ్య సందులోంచి వచ్చే పక్క పిలకల్ని చిన్నగా ఉండగానే వేళ్లతో తుంచేయండి. పొద రకాల్లో మాత్రం తుంచొద్దు, కాయ వచ్చేది వాటి మీదే. యూరియా లాంటి నత్రజని ఎరువు ఎక్కువైతే మొక్క పచ్చగా ఏపుగా పెరుగుతుంది, పూత ఉండదు. ఇక పూత విషయానికొస్తే ఒక పువ్వులోనే ఆడ, మగ భాగాలు రెండూ ఉంటాయి, గాలికి ఊగినా పుప్పొడి రాలి పిందె కడుతుంది. గాలి లేని బాల్కనీలోనో, మూసి ఉన్న చోటో మధ్యాహ్నంలోపు పూల గుత్తిని వేలితో తేలిగ్గా తట్టండి.

ఆకులు ముడుచుకుని చిన్నవై పసుపు పడుతుంటే అడుగువైపు తిప్పి చూడండి. తట్టగానే తెల్లటి చిన్న రెక్కల పురుగులు లేస్తే అది తెల్లదోమ, ఆకుముడత వైరస్‌ను మోసుకొచ్చేది అదే. వైరస్ సోకిన మొక్కకు మందు లేదు, పీకి పెరటి బయట పారేయండి, మిగిలినవాటి దగ్గర పసుపు జిగురు అట్టలు వేలాడదీయండి.

నాటిన 60 నుంచి 85 రోజుల్లో రకాన్ని బట్టి కాయలు రంగు తిరుగుతాయి. రంగు మొదలైన కాయ కోసినా ఇంట్లో చక్కగా పండుతుంది, పక్షుల బెడద ఉన్నవాళ్లకు ఇదే నయం. ఫ్రిజ్‌లో మాత్రం పండకముందు పెట్టొద్దు, చలికి రుచి పోతుంది. కాపు అయిపోయాక ఏ మడిలో ఏది వేశారో ఒక పుస్తకంలో రాసిపెట్టుకోండి: టమాటా, మిరప, వంగ, బంగాళాదుంప అన్నీ ఒకే కుటుంబం, వాటి తెగుళ్లూ చాలావరకు ఒకటే. కాబట్టి ఈ నాలుగింటిలో ఏదీ అదే మడిలో మళ్లీ మూడేళ్ల దాకా వేయకుండా, అక్కడ బీన్సో ఆకుకూరలో వేసుకోండి.