డే 21 ప్రొజెస్టెరాన్ టెస్ట్: నెంబర్ సంగతి తర్వాత, ముందు ఏ రోజో చూస్కోండి

రిపోర్ట్‌లో ప్రొజెస్టెరాన్ (అండం విడుదలయ్యాక పెరిగే హార్మోన్) 0.6 అని చూసి ఆ రాత్రంతా నాకు నిద్ర లేదు, అండమే విడుదలవ్వట్లేదేమో అని. తీరా చూస్తే రక్తం ఇచ్చిన రోజే తప్పు. నా సైకిల్, అంటే ఒక పీరియడ్ మొదలు నుంచి ఇంకో పీరియడ్ దాకా, 35 రోజులు, నేనేమో అందరూ 21వ రోజంటారు కదా అని పొద్దున్నే వెళ్లి ఇచ్చొచ్చా.

అసలు ఈ 21 ఎక్కడిదంటే, 28 రోజుల సైకిల్‌లో 14వ రోజు దగ్గర్లో అండం బయటికొస్తుంది, అది వెళ్లిపోయాక మిగిలిన ఖాళీ తిత్తి ప్రొజెస్టెరాన్ తయారుచేయడం మొదలుపెడుతుంది, ఓ వారానికి బాగా పెరుగుతుంది. 14కి 7 కలిపితే 21, అంతే. అండం విడుదలకి ముందు రోజులు మనిషిని బట్టి మారతాయి గానీ తర్వాతి భాగం చాలామందికి 12 నుంచి 14 రోజులే. కాబట్టి మీ సైకిల్‌లోంచి 7 తీసేయండి, 30 అయితే 23వ రోజు, 35 అయితే 28వ రోజు. డే 1 అంటే బ్లీడింగ్ సరిగ్గా మొదలైన రోజు, ముందురోజు కనపడే చిన్న మరక లెక్కలోకి రాదు. పీరియడ్స్ ఎప్పుడొస్తాయో తెలీనివాళ్లు ఓవ్యులేషన్ స్ట్రిప్స్ (అండం విడుదల దగ్గరపడిందని యూరిన్‌లో చూపించేవి) వాడుకుని, పాజిటివ్ వచ్చాక ఓ వారం ఆగి వెళ్తే సరిపోతుంది. పరగడుపున ఉండక్కర్లేదు.

ఇక రిపోర్ట్. పక్కన ఫాలిక్యులర్, లూటియల్, మెనోపాజ్ అని వరసలుంటాయి, మీది ఎన్నో రోజో ల్యాబ్‌కి తెలీదు కాబట్టి అన్నీ ప్రింట్ చేసేస్తారు, మీరు చూడాల్సింది లూటియల్ వరస, అంటే అండం విడుదలయ్యాక రోజులది. యూనిట్ కూడా చూడండి. నానోగ్రామ్స్‌లో (ng/mL) 3 దాటితే మామూలుగా అండం విడుదలైనట్టే, అదే నానోమోల్స్‌లో (nmol/L) అయితే దాదాపు 9.5 అన్నమాట. పోయిన నెల 14, ఈ నెల 9 అని బెంగపడకండి, ఈ హార్మోన్ అలలు అలలుగా వస్తుంది, ఒకే రోజు గంటల తేడాలో కూడా బాగా మారిపోతుంది.

నాకు ఎవరూ చెప్పని చిట్కా ఒకటుంది. టెస్ట్ తర్వాత పీరియడ్ ఎప్పుడొచ్చిందో రాసిపెట్టుకోండి. టెస్ట్ అయ్యాక దాదాపు ఓ వారానికి వస్తే టెస్ట్ సరైన రోజునే పడింది. నాకు సరిగ్గా 14 రోజులకి వచ్చింది, అంటే రక్తం ఇచ్చింది అండం విడుదలయ్యే రోజుల్లోనే, అప్పుడు 0.6 కాక ఇంకెంతుంటుంది! తర్వాతి నెల 28వ రోజు వెళ్తే 11.4 వచ్చింది.

ట్యాబ్లెట్లు వాడుతుంటే ముందే డాక్టర్‌కి చెప్పండి, సొంతంగా మాత్రం ఆపేయొద్దు. ప్రొజెస్టెరానే మందుగా వేసుకుంటుంటే ఆ నెంబర్‌లో మందుది ఎంతో మీదెంతో తేల్చలేం. డైడ్రోజెస్టెరాన్ అనే ట్యాబ్లెట్ ప్రొజెస్టెరాన్‌లా పనిచేసినా వేరే పదార్థం, అది ఈ టెస్ట్‌లో ప్రొజెస్టెరాన్‌గా కనపడదు. జుట్టు కోసం వేసుకునే బయోటిన్ కూడా కొన్ని మెషీన్లలో నెంబర్‌ని లేనిపోని ఎక్కువ చూపిస్తుంది.

రోజు సరిగ్గా చూసుకుని రెండు మూడు నెలలు చేయించినా 3 దాటకపోతే అప్పుడు ఆలోచించాలి, డాక్టర్లు మామూలుగా థైరాయిడ్, ప్రొలాక్టిన్ అనే ఇంకో హార్మోన్ కూడా చూస్తారు. వెళ్లేటప్పుడు రిపోర్ట్‌తో పాటు పీరియడ్ తేదీలు రాసుకున్న కాగితం కూడా పట్టుకెళ్లండి.