విశాఖలో రోడ్డు పనుల రిస్కులను ముందే పట్టుకోవడం ఎలా?

విశాఖపట్నానికి ఒక పక్క తూర్పు కనుమల కొండలు, మరో పక్క సముద్రం ఉన్నాయి కాబట్టి కొండపై కురిసిన వాన గెడ్డల (వాగుల) గుండా చాలా వేగంగా దిగువకు వచ్చేస్తుంది. అందుచేత ఇక్కడ రోడ్డు పనికి రిస్కు రిజిస్టరు (రాగల ప్రమాదాలను, వాటికి చేయాల్సిన పనులను నమోదు చేసే పుస్తకం) రాసే ఇంజినీరు మొదటి పుటను నీటికే కేటాయించాలని నా దృఢమైన అభిప్రాయం. వీలైతే టెండరు వేయకముందే, వాన కురుస్తుండగా అలైన్‌మెంటు (రోడ్డు వెళ్లే దారి) పొడవునా నడిచి, నీరు ఎక్కడ నిలుస్తోందో, ఏ కల్వర్టు (రోడ్డు కింద నీరు పారే తూము) పూడిపోయిందో, ఏ గెడ్డ ఇరుకైపోయిందో చూసి, పక్క ఇళ్లవారిని అడిగి, ఫొటోలతో సహా నమోదు చేసుకోవాలి.

రిజిస్టరులో ‘వర్షాల వల్ల ఆలస్యం’ అని రాస్తే ఎవరికీ ఉపయోగం ఉండదు. ‘గెడ్డ దాటే చోట కల్వర్టు పునాది గుంటలో నీరు చేరి గట్టు జారవచ్చు’ అని రాసి, ఏ సంకేతం కనిపించగానే కదలాలో, ఏం చేయాలో, ఎవరు చేయాలో దాని ఎదుటే రాయాలి. వాతావరణ శాఖ భారీ వర్ష హెచ్చరిక సంకేతమైతే, పంపులు, ఇసుక బస్తాలు సిద్ధం చేసి యంత్రాలను మెరకకు తరలించడం చర్య అవుతుంది. బాధ్యత ఒక్క వ్యక్తి పేరునే ఉండాలి, ఎందుకంటే ‘సైటు సిబ్బంది’ అని రాసిన పని చివరికి ఎవరిదీ కాకుండా పోతుంది.

పని క్రమాన్ని కూడా ఋతువులను బట్టే నిర్ణయించుకోవాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వానలు, ఆ వెంటనే అక్టోబరు, నవంబరు నెలల్లో తుపానుల భయం ఉంటాయి. హుద్‌హుద్ తుపాను ఈ నగరం వద్దే తీరం దాటింది 2014 అక్టోబరు 12న. కల్వర్టులను, కాలువలను జూన్ లోపు ముగించి, తారు పొరలను డిసెంబరు తర్వాతకు ఉంచుకోవడం మేలు. తడి నేలపై తారు వేయకూడదు. వీజీ-30 రకం తారు మిశ్రమం పరిచేటప్పుడు కనీసం 140 డిగ్రీల సెల్సియస్ వేడి ఉండాలి కనుక, ట్రాఫిక్‌లో చిక్కుకుని ఆలస్యంగా వచ్చిన లారీలో థర్మామీటరు గుచ్చి చూసి, వేడి తగ్గితే ఎంత నష్టమైనా తిప్పి పంపాలి.

తర్వాతి పెద్ద రిస్కు భూమి కింద ఉంటుంది. హుద్‌హుద్ అనంతరం నగరంలో చాలాచోట్ల విద్యుత్తు తీగలను భూగర్భంలో వేశారు. మంచినీటి పైపులు, మురుగు లైన్లు, టెలికాం కేబుళ్లు ఎలాగూ ఉన్నాయి. పాత డ్రాయింగులను మాత్రమే నమ్మి జేసీబీ దింపకూడదు. సంబంధిత శాఖల ప్రతినిధులను సైటుకు పిలిపించి, వారి సమక్షంలో చేత్తో ట్రయల్ గుంటలు తవ్వించి, లైను కనిపించిన లోతును గుర్తించాకే యంత్రాన్ని అనుమతించాలి. కూలీల ప్రాణాలకు సంబంధించిన ఈ జాగ్రత్తలో మినహాయింపు ఇవ్వడానికి ఏ గడువూ కారణం కాకూడదు.

వాహనాల రాకపోకల మధ్య పని చేసేటప్పుడు ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) ఎస్‌పీ 55 మార్గదర్శకాల ప్రకారం హెచ్చరిక బోర్డులు, బారికేడ్లు, రాత్రి దీపాలు, జెండా చూపే మనుషులు ఉండాలి. భూసేకరణ పూర్తికాని ముక్కలను మ్యాపుపై విడిగా రంగు వేసి చూపాలి.

రిజిస్టరును వారానికోసారి సైటులోనే తెరిచి, తీరిన రిస్కులను కొట్టేసి, కొత్తవాటిని చేర్చాలి. తుపాను వల్లగానీ భూమి అందక గానీ పని ఆగితే, ఒప్పందంలో చెప్పిన గడువు లోపలే లిఖితపూర్వక నోటీసు ఇచ్చి, రోజువారీ డైరీ నకలును దానికి జతచేయాలి.