ముసురు పట్టకముందే: డెస్క్‌టాప్ దగ్గరి బ్లూటూత్ హెడ్‌ఫోన్లు, కీబోర్డు, మౌస్ జాగ్రత్తలు

మృగశిర కార్తెకు ఇంకా పది రోజులుంది. కింద అత్తయ్యగారు వడియాలు ఎండబెట్టి డబ్బాలకెత్తేస్తున్నారు. మావయ్యగారు చూరు పెంకులు సర్దించడానికి మనిషిని పిలిపించారు. నేను మేడమీద గదిలో కూర్చుని డెస్క్‌టాప్ వెనక తీగలు ఊడదీసి తుడుస్తున్నాను. అంబాజీపేట పక్క ఊళ్లో ఉండి హైదరాబాదు ఆఫీసు పని చేసుకునేదాన్ని. రోజుకి ఎనిమిది గంటలు హెడ్‌సెట్ నా చెవులకే ఉంటుంది. జూన్‌లో మొదలైన తడి మాకు నవంబరు దాటేదాకా పోదు. ఈ ఆరు నెలల్లో వైర్‌లెస్ సామాను పెట్టే ఇబ్బందులు కొన్ని నేను పడ్డాను, కొన్ని వీధిలో పిల్లలు నా దగ్గరకు తెచ్చినవి. వాటిలో సగానికి పైగా వానలు రాకముందే సరిచేసుకోదగ్గవి. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

ముందుగా ఒక విషయం. బీరువాలో ఒక తీగ కీబోర్డు, ఒక తీగ మౌస్, ఒక తీగ ఇయర్‌ఫోన్ పెట్టుకోండి. పాతవైనా పర్లేదు.

రెండేళ్ల కిందట అక్టోబరులో ఒక రాత్రంతా గాలివాన. తెల్లారి ఎప్పటికో కరెంటు వచ్చింది. తొమ్మిదింటికి మీటింగు. కంప్యూటరు ఆన్ చేస్తే నల్లటి తెర మీద ఎఫ్ 1 నొక్కమని ఒక వాక్యం వచ్చి అక్కడే ఆగిపోయింది. మదర్‌బోర్డు, అంటే కంప్యూటరు లోపలి ప్రధాన బోర్డు మీద రూపాయి బిళ్లలాంటి సెల్లు ఒకటి ఉంటుంది, సీఆర్ 2032 అంటారు. అది అయిపోయాక గంటల తరబడి కరెంటు లేకపోతే కంప్యూటరు తేదీ, సెట్టింగులు మరిచిపోయి ఇలా అడుగుతుంది. నొక్కుదామంటే నాది బ్లూటూత్ కీబోర్డు. విండోస్ లేస్తేనే బ్లూటూత్ లేస్తుంది, ఎఫ్ 1 నొక్కితేనే విండోస్ లేస్తుంది. ఎదురింటి అబ్బాయి కాలేజీకి వెళ్లబోతూ వాళ్ల పాత తీగ కీబోర్డు తెచ్చి ఇచ్చేదాకా ఆ తెర వంక చూస్తూ కూర్చున్నాను. అప్పటికి మీటింగు అయిపోయింది. యూఎస్‌బీ రిసీవరుతో వచ్చే వైర్‌లెస్ కీబోర్డులు చాలావరకు ఆ తెర మీద కూడా పనిచేస్తాయి. అచ్చంగా బ్లూటూత్‌వే ఇలా చేస్తాయి. కంప్యూటరు కొని నాలుగైదేళ్లయితే ఆ సెల్లు కూడా ఇప్పుడే మార్పించేయండి. పెద్ద ఖర్చు కాదు.

ఇక మాట తెగిపోవడం సంగతి. "వానొస్తే హెడ్‌ఫోన్ కటకటలాడుతోందక్కా" అని వస్తారు పిల్లలు. నిజానికి వానకీ దానికీ సంబంధం తక్కువ. వానాకాలంలో అందరూ కిటికీలు, తలుపులు వేసుకుని ఒకే గదిలో చేరతారు. వైఫై రూటరు, నాలుగు ఫోన్లు, వైర్‌లెస్ మౌస్, హెడ్‌ఫోను అన్నీ దగ్గరదగ్గరగా ఉంటాయి. బ్లూటూత్ నడిచేది 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాల దగ్గర. వైఫైలో ఒక బ్యాండు కూడా అక్కడిదే. బ్లూటూత్ ఆ కొంచెం చోటును 79 చిన్న దారులుగా పంచుకుని సెకనుకి 1600 సార్లు ఒకదాన్నుంచి ఇంకోదానికి గెంతుతూ, రద్దీగా ఉన్న దారుల్ని వదిలేస్తూ తప్పించుకుంటుంది. తప్పించుకోవడానికి చోటు లేనప్పుడే మాట తెగుతుంది. మీ రూటరుకు 5 గిగాహెర్ట్జ్ బ్యాండు ఉంటే కంప్యూటర్నీ ఫోన్లనీ దాని మీదకు మార్చేయండి. కంప్యూటరుకు రూటరు నుంచి నేరుగా లాన్ తీగ (ఇంటర్నెట్ తీగ) పెట్టగలిగితే ఇంకా మంచిది.

రెండోది డాంగిల్, అంటే బ్లూటూత్ కోసం యూఎస్‌బీ పోర్టులో గుచ్చే చిన్న ముక్క, ఉన్న చోటు. మన ఇళ్లలో క్యాబినెట్ (కంప్యూటరు డబ్బా) బల్ల కింద గోడవైపు ఉంటుంది, డాంగిల్ దాని వెనక దూరి ఉంటుంది. ముందేమో ఇనప డబ్బా, ఆపైన మన ఒళ్లు. సిగ్నల్ పాపం ఎటు నుంచి వస్తుంది? పైగా ఆ డాంగిల్ నీలం రంగు యూఎస్‌బీ 3 పోర్టులో ఉంటే ఇంకో తంటా. ఆ పోర్టు పనిచేసేటప్పుడు, ముఖ్యంగా పక్కన హార్డ్‌డిస్కు తగిలించి ఉంటే, అదే 2.4 ప్రాంతంలో రొద పుట్టిస్తుంది. డాంగిల్‌ను నల్ల రంగు యూఎస్‌బీ 2 పోర్టుకు మార్చి, ఒక అడుగు పొడవు ఎక్స్‌టెన్షన్ తీగతో బల్ల మీదకు తెచ్చుకోండి. నేను చూసినవాటిలో ఎక్కువ ఈ ఒక్క పనితోనే బాగయ్యాయి. బ్లూటూత్ మదర్‌బోర్డులోనే ఉందా? అయితే క్యాబినెట్ వెనక రెండు చిన్న పసుపు మరలు కనిపిస్తాయి. వాటికి యాంటెన్నాలు బిగించి ఉన్నాయో లేదో చూడండి. వైఫై వాడం కదా అని యాంటెన్నాల్ని అట్టపెట్టెలోనే వదిలేస్తారు చాలామంది. బ్లూటూత్‌కు కూడా అవే దిక్కు.

కరెంటు పోయి వచ్చాక విండోస్‌లో బ్లూటూత్ బటనే మాయమైపోవడం ఇంకో రకం టెన్షన్. కార్డు కాలిపోయిందని కంగారు పడకండి. కంప్యూటరు షట్‌డౌన్ చేసి, ప్లగ్గు పీకి, పవర్ బటన్‌ను అర నిమిషం నొక్కి పట్టుకోండి. బోర్డులో మిగిలిన కరెంటు పోతుంది. రెండు నిమిషాలాగి మళ్లీ పెడితే చాలాసార్లు తిరిగొస్తుంది.

నేను ఎక్కువగా చెప్పదలచుకున్నది మాత్రం మైకు గురించి. పోయిన ఏడాది మా ఆడపడుచు కొడుక్కి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. ముందురోజు రాత్రి ఖరీదైన హెడ్‌ఫోన్లో పాటలు పెట్టి చూసుకున్నాడు, బ్రహ్మాండంగా ఉంది. పొద్దున కాల్ కలవగానే అవతలివాళ్ల గొంతు బావిలోంచి వచ్చినట్టు వచ్చింది. పిల్లాడు బెదిరిపోయాడు. హెడ్‌ఫోన్లో లోపం లేదు. మామూలు బ్లూటూత్‌లో పాటలకొక పద్ధతి, ఫోన్ మాటలకొక పద్ధతి. పాటలు వింటున్నంతసేపూ స్టీరియోలో నిండుగా వస్తుంది. మైకు తెరుచుకున్న క్షణంలో హ్యాండ్స్‌ఫ్రీ పద్ధతికి మారి, రెండు చెవులకీ ఒకటే మోనో శబ్దం, అదీ పలచబడి వస్తుంది. పాటలతో పరీక్షించుకుంటే ఇది బయటపడదు.

దీనికి మందు సులువే. చెవులకు బ్లూటూత్ ఉంచుకుని, మైకు మాత్రం వేరేది పెట్టుకోండి. వెబ్‌క్యామ్‌లో ఉండే మైకైనా, తీగ ఇయర్‌ఫోన్ మైకైనా సరే. మీటింగు యాప్ సెట్టింగుల్లో స్పీకరు దగ్గర హెడ్‌ఫోన్ పేరు, మైక్రోఫోను దగ్గర ఆ రెండో దాని పేరు ఎంచుకోవాలి. అప్పుడు హెడ్‌ఫోన్ మైకు తెరుచుకోదు కాబట్టి శబ్దం పలచబడదు. హెడ్‌ఫోన్‌తో పాటే సొంత యూఎస్‌బీ రిసీవరు ఇచ్చే రకాలకు ఈ బాధ సాధారణంగా ఉండదు. రేకుల గదిలో కూర్చునేవాళ్లకు మాత్రం నోటి దగ్గరకు కాడ వచ్చే హెడ్‌సెట్టే మంచిది. రేకుల మీద వాన పడుతుంటే దూరాన ఉన్న వెబ్‌క్యామ్ మైకుకు మీ మాటకంటే ఆ మోతే ఎక్కువ వినిపిస్తుంది. ఏదైనా సరే, ముఖ్యమైన కాల్ ఉన్నరోజు అరగంట ముందు కంప్యూటరులోంచే ఎవరికైనా నిజంగా కాల్ చేసి మాట్లాడి చూసుకోండి. అప్పుడు ఫోన్లో బ్లూటూత్ ఆపేయడం మరవకండి. ఒకేసారి రెండింటికి కలిసే హెడ్‌ఫోన్లుంటాయి. మీరు ఇంటర్వ్యూలో ఉండగా ఊళ్లోంచి పెద్దమ్మ ఫోన్ చేసిందంటే హెడ్‌ఫోన్ అటు పోతుంది.

ఇప్పుడు చెమ్మ. మొన్న నా పాత మౌస్ అడుగు మూత తీస్తే సెల్లు తల దగ్గర తెల్లటి పొడి ఉప్పులా పేరుకుని ఉంది. స్ప్రింగు మీద ఆకుపచ్చ చిలుము. ఆల్కలైన్ సెల్లు కారితే అలా అవుతుంది, ఆ పొడి క్షారం. చేత్తో ముట్టుకోకూడదు. దూది పుల్లని వెనిగర్‌లోనో నిమ్మరసంలోనో కొద్దిగా ముంచి తుడిచి, తర్వాత పొడి గుడ్డతో తుడిచి ఆరబెట్టాను. బతికింది. నెల రోజులు వాడకుండా పక్కన పెట్టేదైతే సెల్లు తీసేసి పెట్టండి. అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రానికి దగ్గరున్నవాళ్లు ఉప్పుగాలికి ఇంకా ముందే చూసుకోవాలి. ఇయర్‌బడ్స్ కేసులో చిన్న బంగారు చుక్కల్లాంటి కాంటాక్టులుంటాయి. చెమట చెవులతో తీసి అలాగే కేసులో పెట్టేస్తే ఆ చుక్కలు నల్లబడి ఒక బడ్ చార్జి ఎక్కడం మానేస్తుంది. పెట్టేముందు చీరచెంగుతో తుడిచినా చాలు. బడ్స్ మీద ఐపీఎక్స్ 4 అని రాసి ఉంటే చినుకులకు తట్టుకుంటాయని అర్థం. ఆ మాట బడ్స్‌కే, కేసుకు కూడా వర్తిస్తుందని అనుకోవద్దు.

తడిసిపోతే మన ఇళ్లలో మొదట చేసేది బియ్యం డబ్బాలో పాతిపెట్టడం. వద్దు. బియ్యం చెమ్మను పెద్దగా లాగదు, తవుడూ దుమ్మూ పోర్టుల్లోకి పోతాయి. డాబా మీద ఎండలోనూ, హెయిర్ డ్రయ్యరు కిందా పెట్టొద్దు. లిథియం బ్యాటరీకి వేడి పడదు. ఆఫ్ చేసి, మెత్తటి గుడ్డతో అద్ది, పోర్టు కిందికి ఉండేలా నీడలో ఫ్యాను గాలికి ఒక రోజంతా వదిలేయండి. చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పారేయకుండా ఒక మూత బిగుతు డబ్బాలో వేసి ఉంచుకుంటే, ఆరిన తర్వాత అందులో పెట్టుకోవచ్చు. పసిపిల్లలకు అందనీయకండి. పోర్టులో తేమ ఉండగా మాత్రం చార్జర్ పెట్టకండి. నీళ్లు చేసిన నష్టం కంటే ఆ తడిలో కరెంటు పారితే పిన్నులకు జరిగే నష్టమే ఎక్కువ. కేసు మూత సరిగ్గా పడకపోయినా, ఇయర్‌కప్ అతుకు విచ్చుకున్నా లోపల బ్యాటరీ ఉబ్బిందేమో చూడాలి. ఉబ్బినదాన్ని నొక్కొద్దు, గుచ్చొద్దు, చార్జి పెట్టొద్దు.

ఉరుములు మొదలైతే చాలామంది ముందు బ్లూటూత్ హెడ్‌ఫోన్ తీసి పక్కన పెడతారు. అది పిడుగును పిలవదు. ప్రమాదమంతా తీగల్లోంచి వస్తుంది. పిడుగు ఊరి లైన్ మీద పడినా కరెంటు తీగ, లాన్ తీగ, డిష్ తీగల మీదుగా ఇంట్లోకి వస్తుంది. అందుచేత మెరుపు కనిపించాక ముప్పై సెకన్లలోపు ఉరుము వినిపించిందంటే కంప్యూటరు షట్‌డౌన్ చేసి, ప్లగ్గు, లాన్ తీగ రెండూ పీకేయండి. స్విచ్ ఒక్కటి ఆపితే సరిపోదు. చివరి ఉరుము విన్న అరగంట దాకా మళ్లీ పెట్టొద్దు. నేను బీరువాలో పెట్టుకోమన్న తీగ ఇయర్‌ఫోన్ ఈ సమయంలో కంప్యూటరుకు తగిలించి వాడకూడదు. చార్జింగ్‌లో ఉన్న హెడ్‌ఫోన్ కూడా తీగ ఉన్నట్టే లెక్క, పెట్టుకోకండి. యూపీఎస్ ఇచ్చే పది నిమిషాలు ఫైల్ సేవ్ చేసుకుని మర్యాదగా ఆపడానికే అనుకోండి. దాన్ని నమ్మి ఉరుముల్లో పని సాగించొద్దు.

లంక గ్రామాలవాళ్లకు ఒక మాట. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీరు 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటిది రాగానే క్యాబినెట్‌ను నేల మీంచి ఎత్తేయండి. 2022 జులైలో మూడో హెచ్చరిక కూడా దాటి, బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వదిలారు. అప్పుడు పడవల్లో బయటికొచ్చినవాళ్లలో పెద్ద సామాను తెచ్చుకోగలిగినవాళ్లు తక్కువ. కంప్యూటరు అటక మీద ఉన్నా, దాని రిసీవర్లు, డాంగిళ్లు మీతో రావాలి. గోరంత ఉంటాయి, పోతే చాలా మౌస్‌లకు, హెడ్‌సెట్లకు విడిగా దొరకవు. నేనైతే అన్నీ ఒక పాత కుంకుమ భరిణెలో వేసి, దేనిది ఏదో ప్లాస్టరు ముక్క మీద రాసి అతికించాను. అటకెక్కించే హెడ్‌ఫోన్‌ను సగం చార్జితో ఆపి పెట్టండి. నిండా ఉన్నా, పూర్తిగా ఖాళీ అయినా నెలల తరబడి ఉంటే బ్యాటరీ దెబ్బతింటుంది.

చెవుల మాట కూడా చెప్పాలి. ఉక్కపోతలో గంటల తరబడి బడ్స్ పెట్టుకుంటే చెవిలో తేమ నిలిచి దురద, ఫంగస్ వస్తాయి. తలస్నానం చేసి చెవులు ఆరకముందే పెట్టుకోవద్దు, ఇంట్లోవాళ్లైనా ఒకరివొకరు మార్చుకోవద్దు. రసి కారుతుంటే బడ్స్ మానేసి డాక్టరుకు చూపించుకోండి. వాన మోత మీద వినపడటానికి వాల్యూమ్ పెంచుకుంటూ పోతాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు వారానికి 40 గంటలు 80 డెసిబెల్స్ దగ్గరా, పిల్లలకు అవే 40 గంటలు 75 దగ్గరా ఆగమంటుంది. పిల్లల క్లాసులకు వాల్యూమ్ సగం దగ్గర కట్టేసి ఇవ్వండి.

1996 నవంబరు 6 తుపాను చూసినవాళ్లు మా ఇంట్లో ఇద్దరున్నారు. గాలి దిక్కు మారినప్పుడు చప్పుడే వేరుగా ఉంటుందని, అది విని తలుపు వైపు మార్చుకున్నామని మావయ్యగారు ఇప్పటికీ చెబుతారు. హెచ్చరిక ఉన్న రాత్రి బయటి చప్పుడును అణిచేసే నాయిస్ క్యాన్సిలింగ్ పెట్టుకుని పడుకోవద్దని మా పిల్లలకు గట్టిగా చెప్పాను. హెచ్చరిక చెబుతూ మైకు కట్టిన ఆటో గట్టు మీద ఒక్కసారే వెళ్తుంది.