ఎదిగే పిల్లవాడికి 1863 నాటి సైనికుడి దుస్తులు: నా అనుభవం

వర్జీనియాలో అమెరికా అంతర్యుద్ధ ఘట్టాలను పునరభినయించే బృందంలో చేరిన మా 15 ఏళ్ల అబ్బాయికి, కొన్న దుస్తులు ఆరు నెలలు తిరగకుండానే పొట్టివైపోయేవి. నాటక దుస్తుల దుకాణం, ఆన్‌లైన్‌లో కొన్న పాలిస్టర్ కోటు, కొలత చూడకుండా తెచ్చిన పాత ప్యాంటు, మూడూ వృథా అయ్యాయి.

చివరికి ఫలించిన పద్ధతి ఇది. ముందుగా ఏదీ కొనకుండా బృందంలోని పెద్దాయనను అడిగి, నాలుగు గుండీల ముదురు నీలం ఉన్ని కోటును, టోపీని అరువు తెచ్చుకున్నాము. తరువాత నూలు చొక్కాను నేనే కుట్టి, కాజాలను మాత్రం చేత్తో పూర్తిచేశాను, ఎందుకంటే దగ్గరగా చూసేవారికి మొదట కనిపించేవి అవే. అసలు కీలకం ప్యాంటు. ఆ యుద్ధంలో ఉత్తర రాష్ట్రాల పక్షాన పోరాడిన సైన్యపు లేత నీలం ఉన్ని ప్యాంట్లకు నడుము వెనుక చిన్న చీలిక, దాన్ని బిగించే బొందు ఉండేవి కనుక, నడుమును రెండంగుళాలు వదులుగా ఉంచి, కాళ్ల అంచున మూడంగుళాల గుడ్డను లోపలికి మడిచి కుట్టించాను. ఆ మడతను ఇప్పటికి రెండుసార్లు విప్పాను, బయటికి ఏ తేడా తెలియలేదు. తోలు బూట్లను అన్నిటికన్నా చివర, మందపాటి ఉన్ని మేజోళ్లు తొడిగించి కొలత చూసి కొన్నాము.

ఇది ఒక్క పిల్లవాడి, ఒక్క బృందపు అనుభవం మాత్రమే. అరువు ఇవ్వని బృందాల్లో కోటు ఖర్చు తప్పకపోవచ్చు. భుజాలు త్వరగా వెడల్పయ్యే పిల్లలకు కోటు విషయంలో ఈ మడత ఉపాయం పనిచేస్తుందని నేను చెప్పలేను.